కందిరీగల గూడును కదిలించవద్దు
హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ వంటి హిమాలయ రాష్ట్రాల్లో వేసవి చివరి నుంచి శరదృతువు వరకు పెద్ద కందిరీగల బెడద అధికంగా ఉంటుంది. వసంతంలో ఒక్క రాణి ఈగ ఆరంభించిన గూడు ఈ కాలానికి వందలాది ఈగలతో నిండుతుంది. ఇంటి చూరు కింద, చెట్టు కొమ్మపై, నేల బొరియలో గూడు కనిపిస్తే రాళ్లు రువ్వడం, నిప్పు పెట్టడం ప్రమాదకరం. ఒక ఈగ కుట్టినప్పుడు వెలువడే విషపు వాసన మిగిలిన వాటిని దాడికి పురిగొల్పుతుంది. తేనెటీగకు భిన్నంగా, కందిరీగ ముల్లు చర్మంలో చిక్కుకోదు. అందువల్ల ఒకే ఈగ పలుమార్లు కుట్టగలదు.

దాడి జరిగితే తల, ముఖం కప్పుకుని వెంటనే ఇంట్లోకి వెళ్లి తలుపులు మూయాలి. కుట్టిన చోటును సబ్బు నీటితో కడిగి, చల్లని తడిగుడ్డ ఉంచాలి. ఊపిరి ఆడకపోయినా, నాలుక వాచినా, స్పృహ తప్పుతున్నా తక్షణమే 112కు ఫోన్ చేయాలి. అనేక ఈగలు కుట్టిన వ్యక్తి బాగానే ఉన్నట్లు కనిపించినా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఆ విషం తరువాతి రోజుల్లో మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు.

కందిరీగలు పంటలకు హాని చేసే పురుగులను వేటాడతాయి. జనసంచారం లేని చోట ఉన్న గూడును వదిలివేయవచ్చు. చలికాలానికి అది ఖాళీ అవుతుంది. గుమ్మం వద్ద ఉన్న గూడును మాత్రం శిక్షణ పొందినవారితోనే తీయించాలి.