అమ్మకపు దస్తావేజులో ‘స్వాధీనం’: అద్దెదారు ఇల్లు, సామాను – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
అద్దెకిచ్చిన ఇల్లు అమ్మకానికి వచ్చినప్పుడు ఇంటి యజమాని ఎప్పుడు లోపలికి రావచ్చు? అద్దెదారు సామాను మీద ఎవరికి అధికారం ఉంటుంది? ఈ రెండు ప్రశ్నలకూ సమాధానం ‘స్వాధీనం’ అనే మాటలో ఉంది. యాజమాన్యం చేతులు మారినంత మాత్రాన ఇంటి స్వాధీనం మారదని వివరించడం, ఆ భేదాన్ని మన వ్యవహారభాష, దస్తావేజు భాష ఎలా మరుగుపరుస్తున్నాయో చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అద్దె, యాజమాన్యం, స్వాధీనం, దస్తావేజు భాష, ఉత్తరాంధ్ర.

1. ఉపోద్ఘాతం:
శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలో చిన్న పోర్షన్లు అద్దెకు తీసుకొని ఉండే పరిశోధకులకు, అధ్యాపకులకు విలువైన సామాను బీరువాలో ఉండదు. అది క్షేత్రపర్యటన నోటుపుస్తకాల రూపంలో, చీటీల కట్టల రూపంలో, జిరాక్సు ప్రతుల రూపంలో గది నిండా పరచుకొని ఉంటుంది.

ఈ వ్యాసకర్త పరిశోధన చేస్తున్న రోజుల్లో విజయనగరంలో అద్దెకున్న పెంకుటిల్లు బేరానికి వచ్చింది. ఊళ్ళు తిరిగి వచ్చేసరికి ఇంటివారు తమ దగ్గరున్న రెండో తాళంచెవితో తలుపు తీసి, కొనేవారికి గదులు చూపించి ఉన్నారు. గోడలు కనబడాలని కాగితాల కట్టలన్నీ వరండాలోకి చేర్చారు. వస్తువేదీ పోలేదు గాని, వరుస చెదిరింది. ఏ పాట ఏ ఊళ్ళో ఎవరు పాడారో రాసుకున్న చీటీలు కలిసిపోయాయి. వాటిని సరిచూసుకోవడానికి మళ్ళీ ఆ ఊళ్ళకు వెళ్తే, పాడినవారిలో ఒక వృద్ధురాలు అప్పటికే కాలం చేశారు. ఆమెవని అనుకుంటున్న మూడు పాటలు సిద్ధాంత గ్రంథంలో చేరలేదు.

అడిగినప్పుడు ఇంటివారు, “మా ఇల్లు మేం చూపించుకున్నాం” అన్నారు. ఆ వాక్యం ఎంతవరకు సరి అన్నదే ఇక్కడి చర్చ. పట్టణ అద్దెలకు సంబంధించి 1960లోనూ, 2017లోనూ రాష్ట్రంలో ప్రత్యేక చట్టాలు వచ్చాయి. వాటి వివరాల జోలికి పోకుండా, ఈ చర్చ ప్రధానంగా 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టానికి పరిమితం.

2. ‘మా ఇల్లు’ – రెండు అర్థాలు:
తెలుగులో ‘మా ఇల్లు’ అని యజమాని అనవచ్చు, అద్దెదారూ అనవచ్చు. ఇద్దరి మాటా నిజమే. షష్ఠ్యర్థంలోని ‘మా’ యాజమాన్యాన్నీ చెబుతుంది, నివాసాన్నీ చెబుతుంది. భాష కలిపి ఉంచిన ఈ రెండింటినీ చట్టం విడదీస్తుంది. 105వ సెక్షను ప్రకారం అద్దె అంటే ప్రతిఫలం తీసుకొని, ఆస్తిని అనుభవించే హక్కును బదిలీ చేయడం. కాబట్టి అద్దెకాలంలో యజమానికి మిగిలేది ఆస్తిపై హక్కు, అద్దె రాబడి. ఇంటి అనుభవం మాత్రం అద్దెదారుది. అద్దె చెల్లిస్తూ, ఒప్పందం పాటిస్తున్నంతకాలం ఆటంకం లేకుండా ఇంటిని అనుభవించవచ్చని 108వ సెక్షను చెబుతోంది.

అమ్మకం ఈ స్థితిని మార్చదు. 109వ సెక్షను ప్రకారం కొన్నవారు పాత యజమాని హక్కులను పొందుతారు. అంటే ఇంటితోపాటు అద్దెదారును కూడా స్వీకరిస్తారు. అమ్మకం సంగతి తెలియక పాత యజమానికే అద్దె చెల్లించిన అద్దెదారు దానిని రెండోసారి చెల్లించనక్కరలేదు. “లోపల మనుషులున్నారని మాకు తెలియదు” అనే వాదనకు కూడా చోటు లేదు. స్థిరాస్తి ఎవరి స్వాధీనంలో ఉందో వారి హక్కు కొన్నవారికి తెలిసినట్లే భావించాలని 3వ సెక్షను వివరణ చెబుతోంది.

3. ప్రవేశం:
యజమానికి ఇంట్లోకి వచ్చే హక్కు పూర్తిగా లేదనడం కూడా పొరపాటే. ఇంటి స్థితిని పరిశీలించడానికి యజమానిని, అతని తరఫువారిని సమంజసమైన వేళల్లో రానివ్వడం అద్దెదారు బాధ్యత అని 108వ సెక్షనే నిర్దేశించింది. అయితే ఆ ప్రవేశం పరిశీలన కోసం ఉద్దేశించినది. కొనేవారిని వెంటబెట్టుకొని తిప్పడాన్ని ఆ వాక్యం ప్రస్తావించలేదు. దానికి ఒప్పందంలో షరతైనా ఉండాలి, అద్దెదారు సమ్మతైనా ఉండాలి.

‘సమంజసమైన వేళ’ అంటే ఏమిటో 1882 చట్టం విప్పి చెప్పలేదు. 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఆ లోటు తీర్చింది. ప్రవేశానికి కనీసం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలని, సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదని అది సూచించింది. అది రాష్ట్రాలకు నమూనా మాత్రమే, దానంతట అది ఇక్కడ అమలు కాదు. అయినా ఒప్పందం రాసుకొనేవారు ఆ వాక్యాన్ని తమ కాగితంలో చేర్చుకోవడానికి అడ్డేమీ లేదు. యజమానులు విశాఖలో స్థిరపడి, తాళంచెవి మధ్యవర్తి చేతిలో ఉండే మన పట్టణాలకు ఆ వాక్యం మరీ అవసరం.

4. సామాను:
అమ్మినది ఇంటిని. అందులోని అద్దెదారు సామాను ఆ అమ్మకంలో భాగం కాదు. అద్దెదారు తాను గోడకు బిగించుకున్న పుస్తకాల అర వంటివాటిని కూడా, ఇంటిని తీసుకున్నప్పటి స్థితిలో ఉంచి, స్వాధీనం విడిచేలోగా తీసుకుపోవచ్చని 108వ సెక్షను అనుమతిస్తోంది.

మరి ఖాళీ చేయించాలంటే? నెలవారీ అద్దెను ముగించడానికి 106వ సెక్షను 15 రోజుల రాతపూర్వక నోటీసు కోరుతుంది. గడువు తీరినా అద్దెదారు కదలకపోతే దారి న్యాయస్థానమే గాని తాళం పగలగొట్టడం కాదు. చట్టప్రకారం కాకుండా స్వాధీనం తప్పించబడినవారు 6 నెలలలోపు దావా వేసి తిరిగి పొందవచ్చని 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టం 6వ సెక్షను చెబుతోంది. బెదిరించే, అవమానించే, వేధించే ఉద్దేశంతో ఇతరుల స్వాధీనంలోని ఇంట్లోకి చొరబడటం 2024 జులై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను కింద నేరం. యజమాని అన్న మాట ఒక్కటే దానికి మినహాయింపు కాదు.

5. దస్తావేజు భాష:
మన అమ్మకపు దస్తావేజులలో ఆస్తిని ‘ఈ దినమే మీకు స్వాధీనపరచితిని’ అనే ధోరణి వాక్యం అలవాటుగా కనిపిస్తుంది. లోపల అద్దెదారు కాపురం ఉన్నా, పాత నకలు చూసి రాసే లేఖరి దానిని మార్చడు. చట్టం మాత్రం ఇంత గట్టిగా మాట్లాడదు. ఆస్తి స్వభావం ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు స్వాధీనం ఇవ్వాలని 55వ సెక్షను అంటుంది. అద్దెదారు ఉన్న ఇంట్లో అమ్మినవారు ఇవ్వగలిగేది అద్దె వసూలు చేసుకొనే హక్కునే, తలుపు తీసే హక్కును కాదు. కాగితంలోని భూతకాల క్రియ జరగని పనిని జరిగినట్లు చెబుతోంది. దానిని నమ్మి కొన్నవారు తాళంచెవి పట్టుకొని వస్తారు. తగాదా అక్కడ మొదలవుతుంది. ‘అద్దెదారు స్వాధీనంలో ఉన్న ఇంటిని, ఆ అద్దెకు లోబడి మీకు విక్రయించితిని’ అని రాస్తే కాగితమూ నిజమూ ఒకటవుతాయి.

6. ముగింపు:
యజమాని తన ఇంటిని అమ్ముకోవడం న్యాయం. కొనేవారు చూసి కొనడమూ న్యాయమే. అద్దెదారు ముందుగా చెప్పిన వేళకు తలుపు తీసి చూపించడం మర్యాద, తన సామాను తానే పక్కకు జరిపి చూపించడం క్షేమం. అడ్వాన్సు ఎవరు తిరిగి ఇవ్వాలో ముగ్గురూ కాగితంపై తేల్చుకోవడం మంచిది. ఇవన్నీ కుదరాలంటే ‘మా ఇల్లు’ అన్న మాటకు రెండు అర్థాలున్నాయని ముందుగా ఒప్పుకోవాలి. దస్తావేజు భాషను పరిశోధనాంశంగా తీసుకోదలచిన విద్యార్థులకు ‘స్వాధీనం’ అన్న ఒక్క పదమే తగినంత సామగ్రిని ఇస్తుంది. ఆ సామగ్రిని భద్రపరచుకొనే గది కూడా చాలామందికి అద్దెదే.