ఆవిరిబండి – ఆదాయవ్యయములు

ఆవిరిబండిని చూచి ముచ్చటపడనివారు అరుదు. కాని దానిని నడపుటకు ఎంత వ్యయమగునో ఆలోచించువారు మఱింత అరుదు. ఈనాడు ఆవిరిబండ్లు చాలవఱకు యాత్రికుల వినోదము కొఱకే నడచుచున్నవి. అవి తమ ఖర్చును ఎట్లు రాబట్టుకొనుచున్నవో ఒక ఉదాహరణము వలన తెలిసికొందము.

బ్రిటను దేశమందలి వేల్సు సీమలో తాలిలిన్ అను చిన్న రైలుమార్గము కలదు. కొండలలోని గనినుండి పలకరాతిని తీరమందలి టవిన్ పట్టణమునకు చేర్చుటకై 1865 ప్రాంతమున దీనిని నిర్మించిరి. పట్టాల నడుమ వెడల్పు 2 అడుగుల 3 అంగుళములు మాత్రమే. 1946లో గని మూతపడెను. సరకు లేని బండికి రాబడి యెక్కడిది? అయినను యజమానియగు సర్ హెన్రీ హేడన్ జోన్స్ తాను జీవించినంతకాలము బండిని ఆపనీయలేదు. 1950లో ఆయన మరణించెను. అంతట రైలుపై మక్కువగల కొందఱు సంఘముగా నేర్పడి, 1951 మే 14వ తేదీనుండి తామే బండిని నడపసాగిరి. ఆనాడు వారికి పనికివచ్చిన యంత్రము 1866 నాటి 'డోల్‌గోఖ్' ఒక్కటియే.

ఆవిరియంత్రము మీట నొక్కినంతనే కదలునది కాదు. బయలుదేరుటకు కొన్ని గంటల ముందే నిప్పు రాజవేయవలెను. నిలిచియున్నప్పుడును బొగ్గు కాలుచునే యుండును. బొగ్గులోని వేడిమిలో పదవవంతైనను బండిని లాగుటకు ఉపయోగపడదు. నడపువాడొకడు, నిప్పు చూచువాడొకడు తప్పక కావలెను. సాయంకాలము బూడిద తీయవలెను. బ్రిటనులో సుమారు పదేండ్ల కొకసారి బాయిలరును విప్పి బాగుచేయుదురు. విడిభాగములు అంగడిలో దొరకవు; పోతపోసి చేయించుకొనవలసినదే.

ఈ ఖర్చులు ప్రయాణికుల సంఖ్యను బట్టి తగ్గవు. ఒక ప్రయాణమునకు 10,000 రూపాయలు అగుననుకొందము. ఇరువదిమంది యెక్కినచో తలకు 500 రూపాయలు పడును; నూరుమంది యెక్కినచో 100 రూపాయలే. కావున బండి నిండుటయే ప్రధానము. వేసవిలో యాత్రికులు క్రిక్కిఱిసి వత్తురు. చలికాలమున మరమ్మతులే మిగులును. రైతు పంటను గాదెలో దాచుకొన్నట్లు, వేసవి రాబడితో చలికాలమును గడుపవలెను.

టిక్కెట్ల సొమ్మొక్కటే చాలదు. ఫలహారశాల, జ్ఞాపికల దుకాణము, దాతల విరాళములు తోడ్పడును. వీనికంటె గొప్ప సహాయము స్వచ్ఛంద సేవకుల శ్రమ. టిక్కెట్లమ్ముట మొదలు పట్టాలు సరిచేయుటవఱకు వారు జీతము లేకయే చేయుదురు. వారికి కూలి చెల్లింపవలసివచ్చినచో లెక్క తలక్రిందులగును.

ఇప్పుడు క్రొత్త చిక్కులును కలవు. వేల్సునందలి ఫోస్-ఇ-వ్రాన్ గని 2023లో మూతపడినందున, ఆ బొగ్గును వాడిన రైలుమార్గములు ఇతర దేశములనుండి తెప్పించుకొనవలసివచ్చినది. ఛార్జీ పెంచినచో యాత్రికులు తగ్గుదురు. పెంచనిచో మరమ్మతులు కుంటుపడును. బాయిలరు విషయమున ఉపేక్ష ప్రాణాపాయకరము.

మన దేశమున డార్జిలింగు, నీలగిరి కొండబండ్లను ప్రభుత్వ రైల్వేలే నడపుచున్నవి. అచ్చట లోటు ఏర్పడినచో దానిని భరించునది ప్రజాధనము. తాలిలిన్‌లో ఆ భారమును మోయునది ప్రజల శ్రమ. ధనమైనను, శ్రమయైనను, ఎవరో ఒకరు వెచ్చింపనిదే పాతకాలపు సంపద నిలువదు.