ఓవర్‌క్లాక్ చేస్తే పవర్ సేవింగ్ ఆపేయాలా?

‘‘ఓవర్‌క్లాక్ చేయాలా? ముందు బయోస్‌లోకి వెళ్లి పవర్ సేవింగ్‌కి సంబంధించినవన్నీ ఆఫ్ చెయ్.’’ కంప్యూటర్ అసెంబుల్ చేసే కుర్రాళ్ల నోట ఈ మాట మీరూ వినే ఉంటారు. ఒకప్పుడు అందులో అర్థం ఉంది. ఇప్పుడు మాత్రం ఆ సలహా మన జేబుకీ, గదికీ, ప్రాసెసర్‌కీ కూడా మంచిది కాదంటాను నేను.

ఇంటెల్ స్పీడ్‌స్టెప్ 2000లో ల్యాప్‌టాప్ పెంటియం 3తో వచ్చింది. ఏఎండీ కూల్ అండ్ క్వైట్ 2003లో అథ్లాన్ 64తో వచ్చింది. రెండూ చేసే పని ఒకటే. పని లేనప్పుడు వేగం, వోల్టేజీ రెండూ తగ్గిస్తాయి. అప్పట్లో ఓవర్‌క్లాకింగ్ అంటే బస్ వేగం పెంచడమే. దాంతో తక్కువ వోల్టేజీలో కూడా చిప్ మామూలు కంటే వేగంగా పరిగెత్తాల్సి వచ్చేది, సిస్టమ్ హ్యాంగ్ అయ్యేది. అందుకే ఆపేసేవాళ్లు. ఇప్పుడు మల్టిప్లయర్ పెంచుతాం కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు వేగం హాయిగా కిందికి దిగిపోతుంది.

అసలు కథంతా వోల్టేజీ దగ్గరే ఉంది. చిప్ పని చేసేటప్పుడు తాగే కరెంటు వేగంతో పాటు పెరుగుతుంది, కానీ వోల్టేజీకి మాత్రం వర్గంలో పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. 3.7 గిగాహెర్ట్జ్, 1.2 వోల్ట్‌ల దగ్గర నడిచేదాన్ని 4.5 గిగాహెర్ట్జ్, 1.35 వోల్ట్‌లకు తీసుకెళ్లారనుకుందాం. వేగం పెరిగింది 22 శాతం. కరెంటు పెరిగేది సుమారు 54 శాతం! అదే వేగాన్ని అలాగే ఉంచి 1.2ని 1.1కి దించగలిగితే 16 శాతం మిగులుతుంది.

కాబట్టి బయోస్‌లో ‘ఫిక్స్‌డ్’ వోల్టేజీ పెట్టకండి. జిన్నింగ్ మిల్లు ముందు పత్తి దింపడానికి వరసలో నిలబడ్డ ట్రాక్టర్‌ని ఫుల్ రేజ్‌లో ఉంచినట్టే అది. ‘ఆఫ్‌సెట్’ కానీ ‘అడాప్టివ్’ కానీ ఎంచుకుంటే పనున్నప్పుడు వోల్టేజీ పెరుగుతుంది, లేనప్పుడు తగ్గుతుంది. సీ స్టేట్స్ ఆన్‌లోనే ఉంచండి. విండోస్‌లో పవర్ ప్లాన్ ‘బ్యాలెన్స్‌డ్’ చాలు. ‘హై పెర్ఫార్మెన్స్’ పెడితే ప్రాసెసర్ కనీస స్థాయి 100 శాతానికి వెళ్లిపోతుంది.

మార్టూరులో ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. నాది రైజెన్ 5 5600ఎక్స్. దాని బూస్ట్ 4.6 గిగాహెర్ట్జ్. పీబీఓతో ఇంకో 200 మెగాహెర్ట్జ్ దాకా పెంచుకునే వీలుంది. నాకు నచ్చింది మాత్రం ‘కర్వ్ ఆప్టిమైజర్’. ఒక్కో కోర్‌కి వోల్టేజీ కాస్త కోస్తే వేడి తగ్గుతుంది, ఆ మిగిలిన వేడిని చిప్ తనంతట తానే వేగంగా మార్చుకుంటుంది. ఓవర్‌క్లాకింగూ పొదుపూ ఒకే మీటతో! కంపెనీ వారంటీ దీనికి వర్తించదన్నది మాత్రం గుర్తుంచుకోండి.

ఇక్కడో తిరకాసు ఉంది. వోల్టేజీ కోసినప్పుడు గంటసేపు సినీబెంచ్ తిప్పినా ఏమీ కాదు. తీరా రాత్రి ఊరికే వదిలేస్తే తెల్లారేసరికి రీస్టార్ట్ అయి ఉంటుంది. తేలిక పనిలోనే ఒకట్రెండు కోర్‌లు అత్యధిక వేగానికి ఎగురుతాయి, కోసిన వోల్టేజీ అప్పుడు చాలదు. అందుకే పరీక్ష రెండు రకాలుగా చేయాలి. ఫుల్ లోడ్‌లో ఒకసారి, ఏ పనీ లేకుండా రాత్రంతా ఇంకోసారి. స్లీప్‌లోకి పంపి లేపి కూడా చూడాలి. రీస్టార్ట్ అయితే ఒక మెట్టు వెనక్కి రండి.

ఖాళీగా ఉన్నప్పటి వోల్టేజీ అంత ముఖ్యమా అంటారా? ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్ల గొడవ చూడండి. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల చిప్‌లు దెబ్బతింటున్నాయని 2024లో తేలింది. ఆగస్టులో ఒక మైక్రోకోడ్ ఇచ్చారు. సెప్టెంబరులో ఇచ్చిన ఇంకోటి ప్రత్యేకించి ఖాళీగా, తేలిక పనిలో ఉన్నప్పుడు అడిగే అదనపు వోల్టేజీని సరిదిద్దడానికే. ఆ తరం చిప్ ఉన్నవాళ్లు ఓవర్‌క్లాక్ సంగతి పక్కన పెట్టి ముందు బయోస్ అప్‌డేట్ చేసుకోండి.

‘‘మరి కరెంటు బిల్లు ఎంత తగ్గింది అన్నయ్యా?’’ అని మా తమ్ముడు అడిగాడు. నిజం చెప్పాలంటే పెద్దగా ఏం లేదు. రోజుకి పది గంటలు ఖాళీగా ఉండే సిస్టమ్‌లో 20 వాట్లు ఆదా చేశామనుకోండి, నెలకి 6 యూనిట్లు. మన రాష్ట్రంలో 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం 226 యూనిట్లు దాటాక యూనిట్ 8 రూపాయల 75 పైసలు. అంటే యాభై రూపాయల చిల్లర, అంతే. బిల్లు సగమైపోతుందని చెప్పేవాళ్లని నమ్మకండి.

లాభం ఇంకోచోట ఉంది. కరెంటు పోయినప్పుడు యూపీఎస్ మీద ఇంకాస్త ఎక్కువసేపు నిలబడుతుంది, రెండర్‌ని ఆపి ఫైల్ సేవ్ చేసుకునే టైమ్ దొరుకుతుంది. ఇక ఎండ సంగతి. మామూలు ఎయిర్ కూలర్ ప్రాసెసర్‌ని గది గాలి కన్నా చల్లగా చేయలేదు. 25 డిగ్రీల ఏసీ గదిలో తీసిన రివ్యూ చూసి మన 38 డిగ్రీల గదిలో అదే సెట్టింగ్ పెడితే, మొదలుపెట్టకముందే 13 డిగ్రీలు పోయినట్టే. 5600ఎక్స్‌కి కంపెనీ పెట్టిన గరిష్ఠ ఉష్ణోగ్రత 95. అక్కడికి చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది. అంటే పడిన కష్టమంతా ఫ్యాను మోతకే సరి!

అందుకే నా బయోస్‌లో రెండు ప్రొఫైళ్లు సేవ్ చేసి ఉంచుకున్నాను. ఎండాకాలానిది పవర్ లిమిట్‌ని కంపెనీ ఇచ్చిన 76 వాట్ల దగ్గరే ఉంచి, వోల్టేజీ మాత్రం కోసినది. మిరపకాయలు కల్లాలకి వచ్చే చలి రోజుల్లో వాడేది ఇంకోటి, అందులో లిమిట్ కాస్త పెంచుతాను. మార్చుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది.