పురస్కారాలు వద్దన్న గణితవేత్త: పెరెల్మాన్

అన్నవరంలో పెళ్లి భోజనానికి కూర్చున్నారనుకోండి. విస్తట్లో బూరె, గారె రెండూ వడ్డించారు. బూరె చుట్టూ దారంతో ఉచ్చు వేసి, పైపైనే జరుపుతూ బిగిస్తే చివరికి అది ఒక బిందువుగా కుదించుకుపోతుంది. గారె చిల్లులోంచి దూర్చి కట్టిన ఉచ్చును అలా కుదించలేం. ఏ ఉచ్చు వేసినా బిందువుగా కుదించగలిగే సంవృత ఉపరితలం టోపాలజీ దృష్టిలో గోళమే. ఒక మితి పెంచితే, త్రిమితీయ అంతరాళాలకూ ఇది వర్తిస్తుందా? 1904లో ఫ్రెంచి గణితవేత్త పాయింకరే వేసిన ప్రశ్న ఇదే.

దాదాపు వందేళ్లకు, సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చెందిన గ్రిగొరీ పెరెల్మాన్ అవునని నిరూపించాడు. 2002-03లో మూడు వ్యాసాలను పత్రికలకు పంపకుండా ఇంటర్నెట్‌లో ఉంచాడు. వాటిని సరిచూడటానికి ఇతర గణితవేత్తలకు కొన్నేళ్లు పట్టింది. 2006లో ఫీల్డ్స్ పతకాన్ని, 2010లో క్లే సంస్థ ప్రకటించిన 10 లక్షల డాలర్లను ఆయన నిరాకరించాడు.

దీన్ని కేవలం వింత ప్రవర్తనగా భావించకండి. వంకరటింకర అంతరాళాన్ని క్రమంగా నునుపు చేసే 'రిచీ ప్రవాహం' అనే సమీకరణాన్ని 1982లో రిచర్డ్ హామిల్టన్ ప్రవేశపెట్టాడు. ఆ ప్రవాహం మధ్యలో చిక్కుపడే చోట్లను దాటే మార్గాన్ని పెరెల్మాన్ కనుగొన్నాడు. హామిల్టన్ కృషి తన కృషికి ఏమాత్రం తీసిపోదని, క్లే బహుమతి నిర్ణయం న్యాయంగా లేదని ఆయన అన్నాడు. రుజువు సరైనదో కాదో తర్కం తేలుస్తుంది. ఘనత ఎవరిదో మనుషులు తేలుస్తారు. ఆయన అభ్యంతరం ఈ రెండోదానిపైనే.

ఆలోచించండి: ఇద్దరి కృషితో పూర్తయిన రుజువుకు ఒక్కరినే గౌరవించడం సమంజసమా? మీ మాటల్లో రాయండి.