సెల్‌ఫోన్‌లో సత్యోపదేశం: తల్లిదండ్రులకు కొన్ని మాటలు



"పిల్లల చేతిలో జపమాల కనబడదు, ఎప్పుడు చూసినా ఫోనే" అని మన ఆసుపత్రికి వచ్చే తల్లులు బాధపడుతుంటారు. ఫోను లాక్కుంటే ఇంట్లో గొడవ. వదిలేస్తే చదువు, నిద్ర రెండూ పాడవుతాయనే భయం. మరి ఆ ఫోనుతోనే పిల్లలకు విశ్వాసాన్ని నేర్పగలమా? నేర్పగలం. అందుకు ఒక బాలుని జీవితమే సాక్ష్యం.

పునీత కార్లో అకూటిస్

కార్లో 1991 మే 3న లండన్‌లో పుట్టి, ఇటలీలోని మిలాన్ నగరంలో పెరిగాడు. కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం సొంతంగా నేర్చుకున్నాడు. వీడియో గేములంటే ఇష్టమున్నా వారానికి ఒక గంటకు మించి ఆడకూడదని తనకు తానే నియమం పెట్టుకున్నాడు. ప్రతిరోజూ దివ్యపూజలో పాల్గొనేవాడు. లాంచానో వంటి చోట్ల జరిగిన దివ్యసత్ప్రసాద అద్భుతాల వివరాలు సేకరించి, అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో ఉంచాడు.

2006 అక్టోబరు మొదట్లో అతనికి జబ్బు చేసింది. మొదట ఫ్లూ జ్వరమనుకున్నారు. ఆసుపత్రి పరీక్షల్లో రక్త క్యాన్సర్ అని తేలింది. తన బాధలను పోపు గారి కోసం, తిరుసభ కోసం సమర్పించి, అక్టోబరు 12న 15 ఏళ్ల వయసులో ప్రభువును చేరుకున్నాడు. 2025 సెప్టెంబరు 7న పోపు 14వ లియో గారు అతనిని పునీతునిగా ప్రకటించారు.

(తగ్గని జ్వరం, విపరీతమైన నీరసం, చిగుళ్ల నుండి రక్తం, దెబ్బ తగలకుండానే ఒంటిపై కమిలిన మచ్చలు కనబడితే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించండి.)

చూడడం కాదు, చేయించాలి

కార్లో ఊరికే చూస్తూ కూర్చోలేదు. చదివాడు, సేకరించాడు, పదిమందికి అందించాడు. మన పిల్లలతోనూ అలాగే చేయించవచ్చు. మన గుడి ఎప్పుడు కట్టారు, ఎవరు కష్టపడ్డారు అని తాతయ్యలను, అమ్మమ్మలను అడిగి ఫోనులో రికార్డు చేయమనండి. ఆదివారం సత్యోపదేశ తరగతిలో ఐదు నిమిషాల వీడియో చూపిస్తే, పావుగంట దాని గురించి మాట్లాడించండి. పిల్లలు అడిగే ప్రశ్నల్లోనే విశ్వాసం వేరూనుతుంది.

నమ్మకూడనివి

"ఈ ప్రార్థన పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుంది" అనే సందేశాలు మూఢనమ్మకం. దేవుడు అలా బెదిరించడు. వాటిని ఎవరికీ పంపకండి.

"మందులు మానేయండి, ప్రార్థన చాలు" అనే వీడియోలు ఇంకా ప్రమాదకరం. అవి విని మూర్ఛ, షుగరు, బి.పి. మాత్రలు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. వైద్యుని గౌరవించమని, అతనిని నియమించినవాడు దేవుడేనని సీరా జ్ఞానగ్రంథం 38వ అధ్యాయం బోధిస్తుంది. ప్రార్థన చేయండి, మందూ వేసుకోండి. ఒక వీడియో విషయంలో సందేహం వస్తే విచారణ గురువులను గానీ, ఉపదేశిని గానీ అడగండి.

ఫోను గుడికి బదులు కాదు

ఇంటర్నెట్‌లో సంస్కారాలు ఉండవని తిరుసభ 2002లోనే స్పష్టం చేసింది. పాపసంకీర్తనం ఫోనులో చేయలేము, దివ్యసత్ప్రసాదాన్ని తెర మీద స్వీకరించలేము. మంచం పట్టిన రోగికి ఫోనులో పూజ చూడడం గొప్ప ఓదార్పు. అటువంటివారు కబురు చేస్తే గురువులు ఇంటికి వచ్చి సత్ప్రసాదం ఇస్తారు. ఆరోగ్యంగా ఉన్నవారు మాత్రం గుడికి రావలసిందే.

ఆరోగ్యానికి నాలుగు నియమాలు

1. రెండేళ్లలోపు పిల్లలకు ఫోను వద్దు. రెండు నుండి నాలుగేళ్ల వారికి రోజుకు గంటకు మించకూడదు.

2. 13 నుండి 18 ఏళ్ల వారికి 8 నుండి 10 గంటల నిద్ర అవసరం. రాత్రి ఫోను పడక దగ్గర ఉంచవద్దు.

3. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి కళ్లు తిప్పి దూరంగా చూడాలి.

4. భోజనం వేళ, కుటుంబ ప్రార్థన వేళ పెద్దల ఫోన్లు కూడా పక్కన పెట్టాలి. మనం చేసేదే పిల్లలు నేర్చుకుంటారు.

ఈ రాత్రి పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని కార్లో కథ చెప్పండి. తరువాత అందరూ కలిసి ఒక పరలోక జపం చెప్పుకోండి. మరియమాత ప్రార్థనా సహాయంతో ప్రభువు మీ పిల్లలకు మంచి ఆరోగ్యాన్ని, స్థిరమైన విశ్వాసాన్ని ప్రసాదించును గాక. ఆమెన్.