నవ్వించి ఒప్పించిన ‘సాక్షి’

ఎదుటివాని నోరు మూయించడం వేరు, వానిని ఒప్పించడం వేరు. మేమెరిగిన తెలుగు వ్యాసకర్తలలో ఈ భేదం బాగా తెలిసినవారు పానుగంటి లక్ష్మీనరసింహారావుగారు (1865–1940).

ఇంగ్లండులో అడిసన్, స్టీల్ 1711లో ప్రారంభించిన ‘స్పెక్టేటర్’ పత్రిక ఒరవడిలో ఆయన ‘సాక్షి’ వ్యాసాలు వ్రాశారు. అవి 1913లో ‘సువర్ణలేఖ’లోను, తరువాత ‘ఆంధ్రపత్రిక’లోను వెలువడ్డాయి.

పంతులుగారు పాఠకుణ్ణి ఎదురుగా నిలబెట్టి మందలించరు. జంఘాలశాస్త్రి అనే పాత్రచేత సభలో ఉపన్యాసం ఇప్పిస్తారు. మనమూ ఆ సభలో ఒక మూల కూర్చున్నట్లే ఉంటుంది. చీవాట్లు పక్కవానికే గదా అని హాయిగా నవ్వుతాము. ఒకే సంగతిని పది విధాల తిప్పి చెప్పడం, ప్రశ్నమీద ప్రశ్న వేయడం, పొగడుతున్నట్లే ఎత్తిపొడవడం ఆయన పద్ధతులు. నవ్వు ఆగేసరికి అదే లోపం మన ఇంట్లోనూ కనబడుతుంది. ‘స్వభాష’ అనే వ్యాసంలో, తెలుగువారై పుట్టి తెలుగులో మాట్లాడలేని పెద్దమనుష్యులను ఇలాగే పట్టుకున్నారు.

మా బి. మల్లాపురంవంటి చోట్ల తెలుగు కుటుంబాలకు ఇది పనికివచ్చే పాఠం. బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. తెలుగుకు మిగిలినది ఇల్లొక్కటే. పిల్లవాడు తమిళంలో బదులిస్తే పెద్దలు కసురుకుంటారు. వాడు ఊరుకుంటాడు గాని, తెలుగు రాదు. కసరడం మాని ఒక సామెతో, పొడుపుకథో చెప్పి నవ్వించి చూడండి. నవ్వినవాడు “ఇంకొకటి చెప్పు” అంటాడు. ఆ మాట తెలుగులో అన్నాడా, సగం పని అయినట్లే!