స్వభావమెరిగి భాష నేర్పడం

పరభాషను పట్టుబట్టి నేర్చుకొనేవారు ఏయే ఉపాయాలు పాటిస్తారన్న ప్రశ్నను జోన్ రూబిన్ 1975లో ఒక వ్యాసంలో చర్చకు పెట్టగా, 1990లో రెబెకా ఆక్స్‌ఫర్డ్ ఆ ఉపాయాలను ఆరు వర్గాలుగా విభజించారు. మాటలను గుర్తుంచుకొనే సాధన, తెలియని పదాన్ని సందర్భాన్ని బట్టి ఊహించడం, బెరుకును అదుపు చేసుకోవడం, తోటివారితో కలిసి నేర్చుకోవడం వాటిలో కొన్ని. వీటిలో ఏది ముందుగా అందివస్తుందన్నది కొంతవరకు స్వభావాన్ని బట్టి ఉంటుంది.

నలుగురిలో ఉత్సాహం పుంజుకొనేవారిని బహిర్ముఖులనీ, ఏకాంతంలో ఆలోచన కుదిరేవారిని అంతర్ముఖులనీ అంటారు. 1921లో కార్ల్ యుంగ్ గ్రంథం ద్వారా ప్రచారంలోకి వచ్చిన విభజన ఇది. చొరవగా మాట్లాడేవారికే భాష వస్తుందన్న నమ్మకం తరగతి గదుల్లో బలంగా ఉన్నా, 1978లో కెనడాలో నైమన్, స్టెర్న్ తదితరులు వెలువరించిన అధ్యయనంలో బహిర్ముఖత్వానికీ భాషలో రాణింపుకూ ఆశించిన సంబంధం కనిపించలేదు. కాబట్టి మౌనంగా కూర్చున్న పిల్లకు ఏమీ రాదని తేల్చేయడం ఆమెకు చేసే అన్యాయమే.

తెలుగు మాధ్యమంలో పదో తరగతి ముగించి, ఇంటర్‌లో ఇంగ్లీషు మాధ్యమంలో చేరే విద్యార్థుల విషయంలో ఈ రెండు స్వభావాల తేడా స్పష్టమవుతుంది. కలివిడిగా ఉండే కుర్రవాడు హాస్టల్లో తడబడకుండా మాట్లాడేస్తాడు గాని, 'యెస్టర్‌డే ఐ గో' అన్న తప్పును దిద్దేవారు లేక అదే అతనికి అలవాటైపోతుంది. తన మాటలను రెండు నిమిషాలు సెల్‌ఫోనులో రికార్డు చేసుకొని, మళ్లీ వింటూ క్రియాపదాలను మాత్రం కాగితం మీద రాసి సరిచూసుకోవడం అతనికి అవసరమైన సాధన. మితభాషికి దారి వేరు: పాఠం ఆడియోను వాక్యం వాక్యంగా ఆపి, వెంటనే పైకి పలకడం, మర్నాడు అడగదలచిన ప్రశ్నను ముందే రాసుకొని ఒక్క స్నేహితురాలి దగ్గర అని చూడడం ఆమెకు నప్పుతుంది. మితభాషిత్వం వేరు, భయం వేరు అన్న సంగతి ఇక్కడ మరువరాదు. గలగలా మాట్లాడేవారు సైతం పరభాష అనగానే వణకవచ్చు.

అయితే విద్యార్థి అభ్యసన శైలికి సరిపోయేలా బోధిస్తే ఫలితం తప్పక పెరుగుతుందనడానికి తగిన ఆధారాలు లేవని 2008లో హెరాల్డ్ పాష్లర్ బృందం తేల్చింది. అందువల్ల స్వభావానికి నప్పిన పద్ధతితో మొదలుపెట్టినా, నప్పనిదాన్ని కూడా క్రమంగా అలవాటు చేయాలి. ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన వెంటనే జవాబు కోరకుండా, అందరికీ ఒక నిమిషం రాసుకొనే వ్యవధి ఇచ్చి, ఆ తర్వాతే మాట్లాడించాలి.